అటక మీద దొరికిన యాత్రల స్లైడ్లు: పెట్టె తెరిచిన దగ్గర్నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే దాకా

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలేయించడానికి అటక మీది సామాను దింపుతారు. ఆ సామానులోంచి పసుపుపచ్చ డబ్బాలో, రేకు పెట్టెలో స్లైడ్లు బయటపడతాయి. ఆ వారంలోనే నాకు ఫోన్లు మొదలవుతాయి. "నాన్నగారివండీ. కాశీ, కేదారం, కన్యాకుమారి అన్నీ ఉన్నట్టున్నాయి. స్కానర్ ఏది కొనమంటారు?"

ఏటా అడిగే ప్రశ్నే కాబట్టి జవాబు ఒకచోట రాసిపెడుతున్నాను. స్కానర్ సంగతి తర్వాత. ముందు ఆ పెట్టెలో ఉన్న వరస చెడగొట్టకండి, మౌంట్ల (ఫిల్మ్ చుట్టూ ఉండే అట్ట లేదా ప్లాస్టిక్ చట్రాల) మీది రాతలు పోనివ్వకండి. ఎర్రబారిన స్లైడుకు రంగు కొంతైనా తిరిగి తేవచ్చు. అది ఏ ఊరో, ఎవరు ఆ పక్కన నిలబడ్డారో చెప్పగలిగే మనిషి లేకపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

మన ఇళ్ళలో స్లైడ్లు ఎక్కువగా రెండు దారుల్లో చేరాయి. ఒకటి, ఎల్టీసీ (ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద ఊళ్ళు తిరిగిన లెక్చరర్లు, ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు ఇక్కడే దొరికే తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్మ్ మీదో, కోడాక్, ఆగ్ఫా దొరికితే వాటి మీదో తీసినవి. రెండు, 1965 తర్వాత అమెరికా వెళ్ళిన డాక్టర్లు అక్కడ కోడాక్ వారి కోడాక్రోమ్ ఫిల్మ్ మీద తీసి, సెలవులకు వచ్చినప్పుడు చూపించడానికి తెచ్చినవి. మీది ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం. ఎందుకంటే అవి పాడయ్యే తీరు వేరు, వాటికి చేయాల్సిన పనీ వేరు.

కావాల్సినవి

- లైట్ ప్యాడ్ ఒకటి. బొమ్మలు గీసేవాళ్ళు వాడే పల్చటి ఎల్‌ఈడీ పలక చాలు. కానీ ఫొటో తీయడానికి కూడా అదే వాడాలనుకుంటే సీఆర్‌ఐ (లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్నదే తీసుకోండి. చవక రకం లైటులో ఎరుపు రంగులు చచ్చిపోతాయి.
- రబ్బరు బల్బు ఉండే బ్లోయర్, మెత్తటి బ్రష్, నూలు చేతి తొడుగులు.
- లెన్స్ మార్చుకునే డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్, ట్రైపాడ్ లేదా కాపీ స్టాండ్. ఇవి లేకపోతే కంగారు పడకండి, వేరే దారులు కింద చెప్పాను.
- చిన్న చేతి అద్దం. ఎందుకో 6వ అడుగులో తెలుస్తుంది.
- 99 శాతం ఐసోప్రోపైల్ ఆల్కహాల్. బూజు పట్టినవి ఉంటేనే.
- నోటుపుస్తకం, మెత్తటి పెన్సిలు.

కొంచెం పొడిగా, చల్లగా ఉండే కాలం చూసుకోండి. సంక్రాంతి వెళ్ళాక శివరాత్రి లోపు అయితే హాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

1. ముందు పెట్టెను ఫొటో తీయండి

ఒక్క స్లైడు కూడా బయటికి తీయకముందే పెట్టె మూత, పక్కలు, లోపలి వరస అన్నీ ఫోన్‌తో తీసి ఉంచండి. ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఇవ్వండి. స్లైడ్లను ఉన్న వరసలోనే 1, 2, 3 అంటూ మౌంట్ అట్ట మీద పెన్సిలుతో సన్నగా రాయండి. ప్లాస్టిక్ మౌంట్ అయితే చిన్న కాగితపు స్టిక్కరు అంటించండి. బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే అట్ట అవతల ఫిల్మ్ మీద అచ్చు పడుతుంది.

పిల్లలు, బంధువులు చుట్టూ చేరి తలో స్లైడు పట్టుకుని దీపానికి ఎత్తి చూడడం మామూలే. సరదా పని, కాదనను. కానీ నంబర్లు వేయకముందు మాత్రం వద్దు. యాత్ర సాగిన వరసే సగం సమాచారం. హరిద్వార్ తర్వాత వచ్చిన పేరు తెలియని గుడి రిషికేశ్ దారిలోది అయ్యుంటుందని వరసను బట్టే ఊహించగలం.

2. మౌంట్ చదవండి

స్లైడు మౌంట్ 50 మిల్లీమీటర్ల చదరం. మధ్యలో ఫిల్మ్ 36×24 మిల్లీమీటర్లు. ఆ చుట్టూ ఉన్న కాస్త అట్టలోనే బోలెడు సమాచారం ఉంటుంది.

కోడాక్ అట్ట మౌంట్ల మీద చాలావాటికి నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది ఫిల్మ్ కడిగిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. వేసవిలో తీసిన రోలు దసరాకు గానీ ల్యాబ్‌కు చేరని ఇళ్ళు చాలా ఉన్నాయి. కాబట్టి దాన్ని "ఈ తేదీ లోపు" అని మాత్రమే రాసుకోండి.

మౌంట్ మీద ఏమీ లేకపోతే బొమ్మే చెప్పాలి. కొన్ని గుర్తులు:

కన్యాకుమారి స్లైడులో సముద్రంలోని వివేకానంద స్మారకం ఉంటే 1970 లేదా ఆ తర్వాతిది. పక్క రాతి మీద తిరువళ్ళువర్ విగ్రహం పూర్తిగా నిలబడి ఉంటే 2000 లేదా ఆ తర్వాతిది. ట్యాంక్‌బండ్ మీంచి తీసిన దాంట్లో హుస్సేన్‌సాగర్ నీళ్ళ మధ్య బుద్ధుడు లేకపోతే 1992 డిసెంబరుకు ముందుది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. న్యూయార్క్ స్లైడ్లలో జంట భవనాలు పూర్తిగా కనిపిస్తే 1970ల నుంచి 2001 సెప్టెంబరు దాకా. కార్లు, బస్సుల నంబరు పలకలూ పనికొస్తాయి. రాష్ట్రం అక్షరాల పక్కన జిల్లా అంకె ఉండే పద్ధతి 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాకే వచ్చింది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ప్రాంతంలో తీసినవి ఉంటే పక్కన పెట్టి మరీ జాగ్రత్తగా చూడండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. అది తన అసలు చోట నిలబడి ఉన్న ఫొటో మీ ఇంట్లో ఉంటే అది మీ ఒక్కరి ఆస్తి కాదు.

3. పెద్దవాళ్ళను కూర్చోబెట్టండి

ఆ ఫొటోలు తీసినవారో, వారితో వెళ్ళినవారో ఉంటే స్కానింగ్ కంటే ముందు ఈ పని చేయండి. లైట్ ప్యాడ్ మీద ఒకేసారి పది పన్నెండు స్లైడ్లు పేర్చి, ఫోన్‌తో ఒక్క ఫొటో తీసి, టీవీలోనో ట్యాబ్‌లోనో పెద్దది చేసి చూపించండి. వాళ్ళు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ప్రతి బొమ్మకూ ముందు పెట్టె నంబరు, స్లైడు నంబరు మీరు గట్టిగా చదవాలి. లేకపోతే "ఇదిగో ఈయన మా మేనత్త కొడుకు" అన్న మాట రికార్డులో ఉంటుంది, ఏ స్లైడు గురించో తెలియదు.

"ఇది ఎక్కడ?" అని అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటారు. "అప్పుడు ఎక్కడ దిగారు? భోజనం ఎక్కడ చేశారు? రైల్లో ఎవరు కలిశారు?" అని అడగండి. సత్రం పేరు గుర్తొస్తే ఊరు దానంతటదే వస్తుంది.

ఈ పని కోసం పాత ప్రొజెక్టర్‌ను బయటికి తీయాలని సరదా పుడుతుంది. ఆగండి. అమెరికా నుంచి తెచ్చిన ప్రొజెక్టర్లు చాలావరకు 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మాడిపోతుంది. కోడాక్రోమ్ చీకట్లో దశాబ్దాల పాటు రంగు నిలుపుకుంటుంది గానీ, ప్రొజెక్టర్ దీపం ముందు మాత్రం మిగతా ఫిల్ముల కంటే త్వరగా వెలిసిపోతుంది. ముందు కాపీ చేసుకోండి, వేడుక తర్వాత.

4. ఏరండి

అన్నిటినీ అత్యుత్తమ నాణ్యతతో ఎక్కించాలనే పంతంతో మొదలుపెట్టినవాళ్ళు మూడో పెట్టె దగ్గర ఆపేయడం నేను చాలాసార్లు చూశాను. మూడు కుప్పలు చేయండి: తప్పనిసరి, తర్వాత చూద్దాం, అక్కర్లేదు. కుప్పలు నోటుపుస్తకంలోనే, స్లైడ్లు మాత్రం వాటి వరసలోనే ఉండాలి.

నా లెక్కలో మనుషులున్నవి, వీధులున్నవి, దుకాణాలు, బస్టాండ్లు, ఇప్పుడు మారిపోయిన ఊళ్ళు ముందు. తాజ్‌మహల్ ఒంటరిగా నిలబడ్డ ఫొటో ఎంత బాగున్నా తర్వాతే. ఆ తాజ్‌మహల్ ముందు అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన ఫొటో మసకగా ఉన్నా మొదటి కుప్పలోకి వెళ్ళాలి.

5. దుమ్ము, బూజు

ఎక్కువ స్లైడ్లు చచ్చేది ఈ అడుగులోనే. కాలం వల్ల కాదు, మనం తుడవడం వల్ల.

దుమ్ము: అంచులు పట్టుకుని, స్లైడును నిలువుగా ఉంచి, బ్లోయర్‌తో రెండు వైపులా ఊదండి. పోకపోతే మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో ఒకసారి. అంతే. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. చీర కొంగు, పంచె అంచు, కళ్ళజోడు గుడ్డ, ఏదీ వద్దు. మొండి దుమ్ము ఇంకా ఉంటే వదిలేయండి, కంప్యూటర్‌లో చెరిపేయొచ్చు. గీత పడితే అంత తేలికగా పోదు.

బూజు: లైట్ ప్యాడ్ మీద చూస్తే సాలెగూడు దారాల్లా, చెట్టు వేళ్ళలా పాకి ఉంటుంది. నీళ్ళు అస్సలు తగలనివ్వకండి. బూజు తిన్న ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పొర) నీటిలో కరిగిపోతుంది. తడి గుడ్డతో తుడిస్తే బూజుతోపాటు బొమ్మ కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మందుల షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్ కూడా పనికిరాదు, మిగతాదంతా నీళ్ళే కదా. 99 శాతందే కావాలి. నూలుపోగులు ఊడని లెన్స్ కాగితాన్ని దానితో తడిపి, మెరుపుగా ఉన్న వైపు ఒకసారి మెల్లగా లాగండి. ముందు "అక్కర్లేదు" కుప్పలోని స్లైడు మీద చేసి చూడండి. కిటికీలు తెరిచి, పొయ్యికి, అగరుబత్తికి దూరంగా కూర్చోండి. అది ఇట్టే అంటుకుంటుంది.

బొమ్మ మీదే బూజు లోతుగా దిగిపోయిన స్లైడు విలువైనదైతే ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు కాపీ తీసుకోండి. బూజు పట్టినవాటిని మిగతావాటితో కలపకండి.

గాజు మౌంట్లు: రెండు గాజు పలకల మధ్య ఫిల్మ్ ఉండే రకం. గాజులో మెరుస్తూ ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తే ఫిల్మ్ గాజుకు ఆనుకుందన్నమాట. తేమ కూడా లోపలే ఇరుక్కుంటుంది. మౌంట్ విప్పగలిగితే విప్పి, ఫిల్మును గాజు లేని ప్లాస్టిక్ మౌంట్లోకి మార్చండి. పాత మౌంట్ మీది రాతను ముందే ఫొటో తీసుకోండి. ఫిల్మ్ గాజుకు అతుక్కుపోయి ఉంటే బలవంతంగా లాగొద్దు.

6. కెమెరా అమర్చడం

స్కానర్ కంటే కెమెరా పద్ధతే నాకు నచ్చుతుంది. ఒకసారి అమరిక కుదిరితే పని చకచకా సాగుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ స్లైడు ఫిల్మ్ అంత ఉండేది) అయితే 1:1 మాక్రో లెన్స్, అంటే బొమ్మను అసలు సైజులోనే సెన్సర్ మీద పడేసేది కావాలి. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అయితే స్లైడు మొత్తం పట్టడానికి అంతకంటే తక్కువ, సుమారు 0.65 రెట్లు చాలు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాతో బొమ్మ 6000 పిక్సెళ్ళ వెడల్పు వస్తుంది. అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది.

లైట్ ప్యాడ్‌ను బల్ల మీద పరచండి. కెమెరాను కిందికి చూసేలా బిగించండి. ఇప్పుడు అద్దాన్ని ప్యాడ్ మీద పెట్టి కెమెరా తెర చూడండి. లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే చూసుకుంటుంది. ఆ నల్లటి గుండ్రం సరిగ్గా తెర మధ్యకు వచ్చేదాకా కెమెరా వంపు సరిచేయండి. మధ్యకు వస్తే కెమెరా, స్లైడు సమాంతరంగా ఉన్నట్టే. ఇది చేయకపోతే ఒక అంచు పదునుగా, ఇంకో అంచు మసకగా వస్తుంది, తప్పు లెన్స్‌దనుకుంటారు.

స్లైడు చుట్టూ ఖాళీగా వెలుగుతున్న ప్యాడ్‌ను నల్ల అట్టతో కప్పేయండి. ఆ పక్క వెలుతురు లెన్స్‌లోకి దూరితే నలుపులన్నీ బూడిద రంగులోకి దిగిపోతాయి. గది లైట్లు ఆర్పేయండి, ఫ్యాన్ కూడా.

కెమెరా లేదా? స్లైడ్లు స్కాన్ చేయగల ఫ్లాట్‌బెడ్ స్కానర్ గానీ, ప్రత్యేకంగా 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ స్కానర్ గానీ వాడొచ్చు. నెమ్మదిగా సాగుతుంది, అంతే తేడా. వాటిలో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్మును తనంతట తానే చెరిపే సదుపాయం ఉంటే కోడాక్రోమ్‌కు మాత్రం ఆపేయండి, చాలాసార్లు బొమ్మలోని అంచులను కూడా దుమ్మనుకుని చెరిపేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ వెండి ఫిల్ములకూ అంతే.

ఫోన్ మాత్రమే ఉందా? ట్యాబ్ తెరను తెల్లగా పెట్టి స్లైడును దానిమీద ఆనించకుండా రెండు మూడు సెంటీమీటర్లు పైన నిలపండి. ఆనిస్తే తెర చుక్కలు బొమ్మలో పడతాయి. ఇది జాబితా కోసం, వాట్సాప్ కోసం పనికొస్తుంది. అసలు కాపీగా మాత్రం దీన్ని లెక్కపెట్టుకోవద్దు. గోడ మీద ప్రొజెక్టర్ వేసి ఆ వెలుగును ఫోన్‌తో తీయడం అన్నిటికంటే హీనం.

ల్యాబ్‌కు ఇస్తారా? ముందు అయిదు స్లైడ్లే ఇచ్చి చూడండి. అంగుళానికి ఎన్ని చుక్కలతో చేస్తారో, మౌంట్లు విప్పుతారో లేదో, వరస మార్చకుండా తిరిగిస్తారో లేదో అడగండి. "4000 ఉంటుందండీ" అని తడుముకోకుండా చెప్పే చోటికి వెళ్ళండి.

7. తీయడం

కెమెరా మాన్యువల్ మోడ్‌లో ఉండాలి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8, ఫార్మాట్ రా (RAW, కెమెరా కుదించకుండా దాచే ఫైలు). వైట్ బ్యాలెన్స్‌ను స్లైడు లేని ఖాళీ ప్యాడ్ మీద ఒకసారి సెట్ చేసి అలాగే ఉంచండి. ఆటోలో వదిలితే సూర్యాస్తమయాలన్నిటినీ కెమెరా మధ్యాహ్నాలుగా మార్చేస్తుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లెన్స్ స్టెబిలైజేషన్ ఆపండి.

ఫోకస్‌ను లైవ్ వ్యూలో బాగా పెద్దది చేసి ఫిల్మ్ రేణువుల మీద చేయండి, బొమ్మలోని మొహం మీద కాదు. అసలు ఫొటోలో మొహమే మసకగా ఉండొచ్చు. రేణువులు మాత్రం ఎప్పుడూ పదునుగానే ఉంటాయి. అట్ట మౌంట్లలో ఫిల్మ్ మధ్యలో కాస్త ఉబ్బుతుంది, అందుకే ఎఫ్/8 పెట్టమన్నాను.

హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద వెలుగునీడల లెక్క చూపే పటం) కుడి అంచును తాకకుండా చూసుకోండి. స్లైడులో తెల్లగా కాలిపోయిన భాగాన్ని వెనక్కి తేలేం. గుడి లోపల తీసిన ముదురు స్లైడ్లకు ఒకటికి రెండు ఎక్స్‌పోజర్లు తీసుకోండి, ఒకటి మామూలుగా, రెండోది ఒక స్టాప్ ఎక్కువగా, అంటే రెట్టింపు వెలుతురుతో. నీడల్లో ఎంత దాగుందో అప్పుడు తెలుస్తుంది.

ఏ వైపు పైకి? ఫిల్మ్‌కు మెరుపుగా ఉన్న వైపు మీకేసి ఉంటే బొమ్మ సరైన కుడి ఎడమల్లో కనిపిస్తుంది. మెరుపు తక్కువగా, కాస్త గరుకుగా ఉన్నది ఎమల్షన్. కోడాక్ మౌంట్లో "ఈ వైపు తెర వైపు" అన్న అర్థంలో ఇంగ్లీషు రాత ఉన్నది ఎమల్షన్ వైపు, అది కిందికి ఉండాలి.

8. రంగు సరిచేయడం

పాత ఎక్టాక్రోమ్ (ఇదీ కోడాక్ వారిదే), ఆగ్ఫా, ఓర్వో స్లైడ్లు తరచుగా ఎర్రగా, గులాబీగా మారి ఉంటాయి. కర్వ్స్ లేదా లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా తెరిచి, ప్రతిదాని రెండు కొసలనూ బొమ్మలో సమాచారం మొదలయ్యే చోటికి లాగండి. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత బొమ్మలో తెల్లగా ఉండాల్సింది వెతకండి: నాన్నగారి పంచె, సున్నం వేసిన గోపురం, అంబాసిడర్ కారు. అది తెల్లగా వచ్చేదాకా సరిచేయండి. ఆకాశాన్ని చూసి సరిచేయకండి, మన కళ్ళు దాన్ని ఎంత నీలంగానైనా ఒప్పుకుంటాయి.

కోడాక్రోమ్ అయితే స్కాన్‌లో నీలంగా వస్తుంది. స్లైడు పాడవలేదు, నీలం కొంచెం తగ్గిస్తే చాలు.

సరిచేసిన కాపీని వేరే పేరుతో దాచండి. రా ఫైలును అలాగే ఉంచండి.

సరిగ్గా వచ్చిందా?

ప్రతి పెట్టె అయ్యాక కొన్నింటిని తీసి ఇలా చూడండి. పూర్తి సైజులో నాలుగు మూలలూ, మధ్యా రేణువులు కనిపించాలి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే అద్దంతో మళ్ళీ సరిచూడాలి. మూలలన్నీ మసకై మధ్య బాగుంటే ఫిల్మ్ ఉబ్బింది, అపర్చర్ ఇంకొంచెం మూయండి.

కుడి ఎడమలు తారుమారయ్యాయా అనడానికి దుకాణం బోర్డు చదవడం తేలిక. బోర్డు లేకపోతే ఆడవాళ్ళ పైట చూడండి. మనవాళ్ళకు ఎడమ భుజం మీద ఉంటుంది. అందరికీ కుడి భుజం మీద ఉంటే స్లైడు తిరగబడింది. గుజరాతీ కట్టు కట్టినవాళ్ళను చూసి మాత్రం మోసపోకండి.

ఒకేచోట అన్ని ఫొటోల్లోనూ అదే మచ్చ కనిపిస్తే అది స్లైడు మీద లేదు, లైట్ ప్యాడ్ మీదో సెన్సర్ మీదో ఉంది. వంద స్లైడ్లయ్యాక కాదు, పదింటికే చూసుకోండి.

9. పేర్లు, కాపీలు

ఫైలు పేరు "1978-బద్రీనాథ్-పెట్టె03-042" లాగా ఉండాలి. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే "197X" అనే పద్ధతిలో ఖాళీ వదలండి, ఊహించి రాయకండి. రేపు మీ పిల్లలు దాన్నే నిజమనుకుంటారు. మౌంట్ మీది రాత, పెద్దవాళ్ళు చెప్పినదీ వివరంగా ఫైలు క్యాప్షన్‌లోనో, పక్కనే ఒక పట్టికలోనో రాయండి.

మూడు కాపీలు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళోనో క్లౌడ్‌లోనో. ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం కాపీ కాదు. వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

10. స్లైడ్లను మళ్ళీ దాచడం

"కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా, ఇక పారేయొచ్చా?" వద్దు. అసలుది ఆ ఫిల్మే. రేపు ఇంతకంటే మంచి కెమెరా వస్తే మళ్ళీ తీయాల్సింది దాన్నుంచే.

అటక మీదికి మాత్రం తిరిగి ఎక్కించకండి. ఎండాకాలం పైకప్పు కింద ఉండే వేడి వాటికి శత్రువు. బయటి గోడకు ఆనని బీరువాలో, మధ్య అరలో పెట్టండి. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. కొత్త రెయిన్‌కోటులా ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు ఫిల్ముకు అంటుకుంటాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. చీరల మధ్య వేసినట్టు కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి ఫిల్ముకు మంచిది కాదు. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి తెరిచి బూజు ఉందేమో చూడండి.

ఇక చాలామంది చివర్లో అడిగేది: ఇప్పుడు కూడా స్లైడ్లు తీయొచ్చా? కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది, దాన్ని కడిగే చివరి ల్యాబ్ అమెరికాలోని కాన్సస్‌లో 2010 డిసెంబరు చివరి దాకా రోళ్ళు తీసుకుని ఆపేసింది. కాబట్టి పెట్టెలో కడగని కోడాక్రోమ్ రోలు దొరికితే దాన్నుంచి రంగు బొమ్మ వచ్చే మామూలు దారి లేదు. ఎక్టాక్రోమ్‌ను మాత్రం 2012లో ఆపి 2018లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇది ఈ-6 పద్ధతిలో కడిగే ఫిల్మ్. రోలు ఖరీదెక్కువ. కొనేముందు మీకు అందుబాటులో ఈ-6 కడిగే ల్యాబ్ ఉందో లేదో కనుక్కోండి.